పాతయింటి పడకగదికి పంకా, దీపము



విద్యుచ్ఛక్తి యనునది యొకనాడు మన యూళ్ళకు వచ్చునని, కప్పునకు వ్రేలాడి గాలి విసరునని, గోడమీది మీట నొక్కినంతనే వెలుగు నిచ్చునని కలనైనను తలపని కాలమున కట్టిన యిండ్లు మన తెలుగునాట నింకను చాలగా నిలిచియున్నవి. కోనసీమ మండువా లోగిళ్ళు, రాయలసీమ మట్టిమిద్దెలు, డంగుసున్నముతో మెత్తిన మందపు గోడలుగల తెలంగాణపు భవంతులు, టేకు దూలముల మీద సన్నయిటుకలను ఏటవాలుగా పేర్చి సున్నముతో బిగించిన మద్రాసు టెర్రాసు మేడలు, ఇవి యన్నియు వేరువేరు నేలలయందు వేరువేరు పనివారల నేర్పున పుట్టినవే యైనను, ఒక్క విషయమున మాత్రము ఒక్కతీరుననే యున్నవి: వీని కప్పులలో పంకాకు చోటు లేదు, గోడలలో తీగకు దారి లేదు. హైదరాబాదున హుస్సేన్‌సాగరు గట్టున ఉష్ణవిద్యుత్కేంద్రము 1920లో వెలసినది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆంధ్రమునకు 1955లో అందినది. పల్లెలయందలి యిండ్లలోనికి తీగలు ప్రాకినది చాలవరకు ఆ తరువాతనే. ప్రాకినప్పుడైనను ఇంటివారి సౌకర్యము ననుసరించి కాక, మేకు దిగిన చోటనెల్ల ప్రాకినవి.

ఇట్టి యింటి పడకగదికి పంకాయు దీపమును కొనదలచినవారిలో ఎక్కువమంది మొదట అంగడికి పోవుదురు. అక్కడ కప్పునిండ వ్రేలాడుచు మెరయుచున్న వస్తువులను మెడ యెత్తి చూచి, ధర విచారించి, రంగు మెచ్చి, పెట్టెను ఇంటికి తెచ్చిన పిమ్మట గాని దానిని దేనికి తగిలింపవలెనను ప్రశ్న పుట్టదు. ఈ క్రమమును తలక్రిందు చేయవలెనని నా మనవి. మొదట కప్పు, తరువాత తీగ, ఆ తరువాత మంచము, అన్నిటికిని కడపట అంగడి. మరియొక మాటయు ఆరంభముననే చెప్పివేయుట మేలు. పడకగదిలో కప్పు పంకాకు చెందినది, గోడ దీపమునకు చెందినది. ఏలయనగా ఆ గదియందు మనుష్యుడు ఎక్కువసేపు నిలుచువాడు కాడు, కూర్చుండువాడును కాడు. వెల్లకిల పరుండి కప్పువంక చూచువాడు. కావున గది యోగ్యతను ద్వారమునొద్ద నిలిచి కాక, తలగడమీద తల యానించి నిర్ణయింపవలెను.

ముందుగా కప్పు సంగతి. పెంకుటింటి కప్పునందలి కొయ్యలన్నియు సమానబలము గలవి కావు. గోడనుండి గోడకు అడ్డముగా పడియుండు దూలము బరువు మోయుటకే యేర్పడినది. ఏటవాలుగా దిగు వాసములు పెంకుల బరువును పంచుకొనుటకు మాత్రమే చాలును. వానిమీది పెండెబద్దలు పెంకు జారకుండ పట్టునవే గాని మరియొక పనికి రావు. పంకా బరువు నాలుగైదు కిలోలే గదా, ఇన్ని పెంకులను మోయు వాసము ఈ కొంచెమును మోయజాలదా యని వాదించువారు కలరు. నిశ్చలముగా వ్రేలాడు నాలుగు కిలోలు వేరు, నిమిషమునకు మూడువందలకు పైగా చుట్లు తిరుగుచు రాత్రియెల్ల కొయ్యను కుదుపు నాలుగు కిలోలు వేరు. కావున పంకాను దూలమునకే వ్రేలాడదీయవలెను. ఆ దూలమునైనను నమ్ముటకు ముందు వడ్రంగిచేత సుత్తితో మెల్లగా తట్టించి చూడవలెను. గట్టికొయ్య ఖంగుమనును, చెద తిన్నది బోలుగా పలుకును. గోడలోనికి దిగిన కొసలనే తడియు చెదయు ముందు పట్టును గనుక, నడుమ రెండు దెబ్బలు తట్టి తృప్తిపడరాదు. దూలమునకు మేకు కొట్టి కొక్కెము తగిలించుటకంటె, దూలమును చుట్టి పట్టుకొను ఇనుపపట్టీని బోల్టులతో బిగించుట శ్రేష్ఠము. కొయ్యకు చిల్లు పడదు. రేపు మంచము జరిగి, దానితో పంకాయు జరుగవలసివచ్చినచో పట్టీని జరిపిన చాలును.

మద్రాసు టెర్రాసు మేడలలో దూలములు దగ్గరదగ్గరగా నుండుటచేత ఈ చిక్కు తక్కువయే. అయినను రెండు దూలముల నడుమ ఇటుకలోనికే కొక్కెమును దిగగొట్టు సాహసికులైన పనివారున్నారు. ఆ యిటుకలు ఒకదానినొకటి ఒరసికొని, పాత సున్నపు పట్టున నిలిచియున్నవి. క్రిందికి లాగు బరువును అవి మోయునని ఎవ్వరును పూచీపడలేరు. మట్టిమిద్దెలలోను దూలమే శరణ్యము. దూలములమీద అడ్డముగా వేసిన దంతెలనుగాని, వానిమీద పరచిన నాపరాళ్ళనుగాని నమ్మరాదు. వెలుగుకై మిద్దెకప్పున విడిచిన గవాచిక్రింద పంకా నుంచరాదని చెప్పనక్కరలేదు, మొదటి వానజల్లే చెప్పును. కొన్ని పెద్ద మేడలలో ఆంగ్లేయుల కాలపు గుడ్డపంకాలను వ్రేలాడదీసిన ఇనుపకడియములు దూలములకు ఇంకను కనబడుచుండును. వరండాలో కూర్చున్న పంకా నౌకరు త్రాడు లాగుచుండగా ఇటునటు ఊగెడి గుడ్డచట్రమునకై బిగించిన కడియములవి. ఉన్నవిగదా యని వానికే విద్యుత్పంకాను తగిలించుట లోభము. ఊగెడి బరువునకు చేసినది తిరిగెడి బరువునకు చాలునని నియమము లేదు. ఇక మచిలీపట్టణము, భీమునిపట్టణము వంటి తీరపట్టణములలో ఉప్పుగాలి ఇనుమును తినుచునే యుండును. ఏటేట వేసిన సున్నపు పూతలక్రింద తాతలనాటి కొక్కెములో ఎంత ఇనుము మిగిలినదో గీకి చూచినగాని తెలియదు.

తరువాతది ఎత్తు. పాతయింటి గది చల్లగానుండుటకు దాని యెత్తు ఒక కారణము. పంకా సరిగా పనిచేయకుండుటకును ఆ యెత్తే కారణము. పన్నెండడుగుల కప్పునకు అడుగు పొడవు కడ్డీతో పంకాను తగిలించినచో అది కప్పుక్రింది వేడిగాలిని చిలుకుచుండునే గాని, మంచముమీది మనిషిని చేరదు. మన జాతీయ నిర్మాణ నియమావళి దీనికి ఒక లెక్క చెప్పినది. గది యెత్తును మూడింట హెచ్చవేసి, మనము గాలి కోరుచున్న మట్టము నేలనుండి ఎంత యెత్తున నున్నదో దానిని కలిపి, వచ్చిన మొత్తమును నాలుగింట భాగించినచో, రెక్కలు నేలకు ఎంత యెత్తున నుండవలెనో తెలియును. పన్నెండడుగులనగా సుమారు 3.65 మీటర్లు, మంచపు మట్టము అర మీటరు, లెక్క చేసిన వచ్చునది 2.86 మీటర్లు. అనగా కప్పునుండి రెక్కలవరకు రెండున్నర అడుగులకు పైగా దిగవలెను. పెట్టెలో వచ్చు కడ్డీ సాధారణముగా అడుగునకు మించదు గనుక, పొడుగు కడ్డీని వేరుగా కొనవలసియుండును. దానిని పంకా చేసినవారి వద్దనే కొనుడు. నీటిగొట్టపు ముక్కను కోసి, చివర మర త్రిప్పి, ఇదియే కడ్డీ యనువారి మాట వినకుడు. కడ్డీ రెండు కొసలయందును బోల్టు దూరు రంధ్రము, ఆ బోల్టు జారిపోకుండ అడ్డుపడు చీలికపిన్ను ఉండి తీరవలెను. పంకాలు పడుటకు విరిగిన దూలములకంటె ఊడిన పిన్నులే ఎక్కువ కారణమని పనివారెరుగుదురు.

ఆ నియమావళియే రెక్కలకును కప్పునకును నడుమ సుమారు 0.3 మీటరు, అనగా అడుగు, ఎడము కోరుచున్నది. చదునుకప్పు క్రింద ఇది సులభము. పెంకుటింటిలో కప్పు ఒకవైపునకు దిగుచుండును గదా. 30 డిగ్రీల వాలున్న కప్పు, పంకా నడిబొడ్డునుండి 0.6 మీటరు దూరమున నున్న రెక్కకొసవద్దకు వచ్చుసరికి దాదాపు 0.35 మీటరు క్రిందికి దిగియుండును. కావున ఎడమును నడిమినుండి కాక, కప్పు దిగినవైపు రెక్కకొసనుండి కొలువవలెను. దీనిని మరచి బిగించిన పంకా, గోడవైపు గాలి పీల్చుకొనలేక, కుదుపుచు, రొదచేయుచు, సగము పని చేయును.

దీనికి విరుద్ధమైన చిక్కు అటకగల గదులలో కలుగును. వడ్లబస్తాలు, ఇత్తడి గుండిగలు, పండుగనాడు మాత్రమే దిగెడి పెద్ద పళ్ళెములు దాచుటకై గదిమీద పలకలు పరచుట మన లోగిళ్ళలో సర్వసాధారణము. ఆ పలకలు నేలకు తొమ్మిదడుగుల యెత్తున, అనగా 2.74 మీటర్ల యెత్తున, ఉన్నవనుకొందము. అడుగు ఎడము విడిచినచో రెక్కలు 2.44 మీటర్ల యెత్తునకు వచ్చును. రెక్కలు నేలనుండి 2.4 మీటర్లకు తగ్గరాదను సాధారణనియమమునకు ఇది సరిగా సరిపోవును, రెండంగుళములు తగ్గినను సరిపోదు. తిన్నగా నడచువానికి ఆ యెత్తు చాలును. మంచమెక్కి దోమతెర తాళ్ళు ముడివేయువాని చేయి మాత్రము ఆ రెక్కల మట్టమునకు చేరునని మరువరాదు. తొమ్మిదడుగులు లేని గదిలో కప్పుపంకా ఆశ విడిచి, గోడపంకాను తగిలించుకొనుటయే వివేకము.

పంకా గాలిని చల్లబరచునని చాలమంది విశ్వాసము. అది గాలిని కదల్చును, అంతియే. ఆ కదలిక మన మేని చెమటను ఆర్చును, ఆరుచున్న చెమట మనలను చల్లబరచును. మనిషి లేని గదిలో తిరుగు పంకా గదిని చల్లబరచదు సరిగదా, మోటారు వేడిమిని కొంత చేర్చును. ఈ చిన్న విషయమును గ్రహించినచో పంకాను ఎక్కడ నుంచవలెనో తనంతట తెలియును. గది నట్టనడుమ కాదు, మంచము మీద. అందును మోటారు బొడ్డునకు సరిగా క్రింద గాలి పలుచన. రెక్కల నడిమిభాగము క్రిందనే అది దట్టముగా దిగును. కావున పరున్నవాని రొమ్ము రెక్కలక్రిందికి వచ్చునట్లు అమర్చుకొనవలెను. దూలము మనము కోరినచోట లేకపోవచ్చును. పాతయింటిలో దూలము మంచమునొద్దకు రాదు, మంచమే దూలమునొద్దకు పోవలెను.

పందిరిమంచము గలవారికి మరియొక మాట. తాతలు చేయించిన ఆ మంచములకు పైకప్పుగా గుడ్డను పరచి, అందచందములకు కుచ్చులు కుట్టించిన యిండ్లు నేను చూచినాను. పైనుండి దిగవలసిన గాలినంతను ఆ గుడ్డయే మ్రింగివేయును. క్రింద పరున్నవారికి పంకా చప్పుడు మాత్రము ప్రాప్తించును. ప్రక్కలకు వలె పైకప్పునకును సన్నని వలగుడ్డనే వేయించవలెను. అట్లు చేసినను దోమతెర కొంత గాలిని ఆపక మానదు గనుక, దోమతెర వాడువారు పంకా పరిమాణమును ఎన్నుకొనునపుడు కొంచెము ఉదారముగా నుండవలెను.

పరిమాణమునకును నియమావళి యొక లెక్క చెప్పినది: గది పొడవు మీటర్లలో ఎంతయో దానిని 55తో హెచ్చించినచో, పంకా నిమిషమునకు కదల్పవలసిన గాలి ఘనపు మీటర్లలో వచ్చును. నాలుగు మీటర్ల గదికి 220. నలుబదియెనిమిది అంగుళముల పంకా, అనగా పెట్టెమీద 1200 మిల్లీమీటర్లని వ్రాసియుండునది, ఇంచుమించుగా ఇంత గాలి నిచ్చును. ఆ సంఖ్యయు పెట్టెమీదనే యుండును, చదువుకొనుడు. పాత యిండ్లలో గోడవెంట సాగిన పొడుగాటి యిరుకు గదులు తరచుగా నుండును. అట్టి ఆరు మీటర్ల గదికి లెక్క 330 అని చూపును. దానికై ఒక మహాపంకాను వెదకుటకంటె రెండు మంచములమీద రెండు పంకాలు మేలు. ఎనిమిదడుగుల చిన్నగదికి 900 మిల్లీమీటర్లది చాలును.

ఇక మోటారు. ఇన్నాళ్ళును మన యిండ్లలో తిరిగిన పంకా సుమారు 75 వాట్లు త్రాగును. ఇప్పుడు బీఎల్‌డీసీ యను పేరుతో వచ్చుచున్న పంకాలలో తిరుగుభాగమునందు అయస్కాంతములుండును, లోపలి ఎలక్ట్రానిక్ పలక విద్యుత్తును క్రమపరచి వానిని త్రిప్పును. ఇవి 30 వాట్ల దరిదాపున అదే గాలి నిచ్చును. రాత్రికి పది గంటలు తిరిగెడి పంకాకు ఈ 45 వాట్ల తేడా నాలుగున్నర పదోవంతుల యూనిట్టగును. ఏట మూడువందల రాత్రులు తిరిగినచో 135 యూనిట్లు. ధరలోని తేడా కొన్నియేండ్లలో తిరిగివచ్చునని దీనివలన ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును. 2023 జనవరి 1 నుండి కప్పుపంకాలకు నక్షత్రముల చీటీ తప్పనిసరి చేయబడినది. వాట్టుకు ఎక్కువ గాలి నిచ్చుదానికి ఎక్కువ నక్షత్రములు. పల్లెటూళ్ళవారికి మాత్రము విద్యుత్తు పొదుపుకంటె గొప్ప గుణము మరియొకటి కలదు. సాయంకాలము వోల్టేజి పడిపోయి పాత పంకా నీరసించు వేళలయందు ఈ క్రొత్తది తన వేగమును చాలవరకు నిలుపుకొనును. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరుమీద రెట్టింపు కాలము తిరుగును.

దీనికి లోపములు లేకపోలేదు. పిడుగుల వానకు, విద్యుత్తు ఒడుదుడుకులకు ఆ పలక చెడిపోవచ్చును, చెడినచో వీధిచివరి పనివాడు తీగ చుట్టి బాగుచేయగలది కాదు. చేతిలో పట్టు రిమోటు తలగడల నడుమ కనబడకపోవుటయు, కనబడినను వృద్ధులకు దానియందలి చిన్న బొత్తాములు తెలియకపోవుటయు నిత్యానుభవమే. గోడమీటతోనే వేగము మార్చుకొను రకములున్నవి, పెద్దవారి గదికి అవి కొనవలెను. ముఖ్యముగా ఈ పంకాను పాత రెగ్యులేటరు ద్వారా నడుపరాదు. రెగ్యులేటరును తొలగించి తీగను సూటిగా మీటకు కలిపించవలెను. లేనిచో పలక కాలిపోవచ్చును.

క్రొత్తదానిని ఇంతగా చెప్పితినని, ఇంటనున్న పాత బరువైన పంకాను పాతసామానులవానికి తూచి యియ్యకుడు. నెమ్మదించిన పంకాకు తరచుగా వచ్చు జబ్బు కండెన్సరు బలహీనపడుట. 2.5 మైక్రోఫారడ్లని వ్రాసియుండు ఆ చిన్నడబ్బా అల్పమైన ధరకు దొరకును, పావుగంటలో మార్చవచ్చును. కిరకిరలాడుచున్నచో బేరింగులు మార్పించుడు. పాతకాలపు దళసరి మోటారులు తీగ తిరిగి చుట్టించుకొని ఎన్నియేండ్లయినను తిరుగగలవు. కాని వాని బరువు నేటి పంకాలకంటె చాల హెచ్చు గనుక, దూలమును కొక్కెమును గూర్చి నేను చెప్పినదంతయు వానిపట్ల రెట్టింపు శ్రద్ధతో పాటింపవలెను. నన్నడిగినచో అట్టిదానిని వసారాలో తిరుగనిత్తును, నిద్రించువారి తలమీద కాదు.

పాతయింటికి పాతకాలపు సొగసే తగునని తలచి, ఇత్తడి పూతలతో, అయిదు కొయ్యరెక్కలతో, నడుమ గాజుదీపముల గుత్తితో నున్న పంకాలను కొనుచున్నవారు నేడు చాలమంది. విద్యుత్పంకా పుట్టిన కథ వినినచో ఆ సొగసు ఎవరి సొగసో తెలియును. 1882 ప్రాంతమున అమెరికాలో ఫిలిప్ డీల్ అను యంత్రశిల్పి, తాను కుట్టుయంత్రమునకై రూపొందించిన మోటారునకు రెక్కలు తగిలించి కప్పునకు ఎక్కించెను. ఆ దేశమున నేడు పంకా శీతలయంత్రమునకు తోడుగా, మెల్లగా, చప్పుడులేకుండ తిరిగిన చాలును. నాలుగైదు వెడల్పు రెక్కలు దానికి తగినవి. మన వైశాఖమాసపు రాత్రి మెల్లని పంకాతో గడచునది కాదు. సన్నని మూడు లోహపురెక్కలు వేగముగా తిరిగి యిచ్చు గాలి మనకు కావలెను. రెక్కలు పెరిగినకొలది గాలి పెరుగదు, దుమ్ము తుడుచుపని పెరుగును. రంగు మీ యిష్టము.

దీపమునకు వచ్చెదను. మా బంధువుల లోగిలిలో పడకగది బాగుచేయించినపుడు, పంకా ప్రక్కనే కప్పునకు, పళ్ళెమంత తెల్లని ఎల్ఈడీ దీపమును బిగించిరి. పనివాడు మీట నొక్కి, గదియెల్ల పట్టపగలైనదని సంతోషించుచుండగా, ఆ గదిలో పరుండవలసిన ముసలమ్మ మంచముమీద నడుము వాల్చి వెంటనే కన్నులు మూసికొన్నది.

"ఏం నాయనా, ఈ దీపం నువ్వు చూసుకోవడానికి పెట్టావా, నేను పడుకోవడానికి పెట్టావా? మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూస్తున్నట్టుంది."

"పడుకునేటప్పుడు ఆర్పేసుకోండి మామ్మగారూ."

"ఆర్పే మీట గుమ్మం దగ్గరుందయ్యా. ఆర్పి, చీకట్లో ఈ మంచం దాకా నువ్వొచ్చి నడిపిస్తావా?"

ఆ రెండు ప్రశ్నలలో పడకగది దీపశాస్త్రమంతయు ఇమిడియున్నది. వెల్లకిల పరున్న మనిషి కంటికి కప్పుమీది దీపము సూటిగా తగులును. దానికి ఎంత మెత్తని గాజుతొడుగు వేసినను తగులకపోదు. అంతియే కాదు, పాతయింటిలో పంకా పొడుగు కడ్డీతో క్రిందికి దిగియుండును గదా. కప్పుననున్న దీపము రెక్కలకు పైన పడును. అప్పుడు తిరుగుచున్న రెక్కల నీడలు గోడలమీద, పుస్తకముమీద, పరున్నవాని మొగముమీద ఎడతెగక కదలాడుచుండును. ఆ గదిలో చదువుట అసాధ్యము, తలనొప్పి సులభము. పంకా తిరుగు గదిలో దీపము రెక్కల మట్టమునకు క్రిందనే యుండవలెను. క్రింద నుండవలెననగా గోడ తప్ప గతి లేదు.

మరియొక కారణమును కలదు. తెల్లసున్నము వేసిన గోడ తనమీద పడిన వెలుగులో చాలభాగమును తిరిగి గదిలోనికి పంపును. ఏండ్లతరబడి పొగచూరి నల్లబడిన టేకు దూలములును పెంకులును పడినదానిని పడినట్లే మ్రింగును. కావున కొయ్యకప్పుగల గదిలో వెలుగును పైకి చిమ్ము అలంకారదీపములు వ్యర్థము. దీపమును గోడ ప్రక్కన నుంచి, ఆ గోడనే వెలిగించినచో, అదే వాట్టులతో గది కాంతివంతమగును. ఇది మన పూర్వులకు తెలియనిది కాదు. పాతయింటి గోడలో, నిలిచినవాని భుజమంత యెత్తున, ప్రమిదకో బుడ్డిదీపమునకో విడిచిన దీపపు గూడు ఏ గదిలోనైనను కనబడును. తెల్లసున్నము పూసిన ఆ గూటి లోతట్టు వెలుగును మెత్తబరచి గదిలోనికి పంచును. ఆ గూటిలో చిన్న ఎల్ఈడీ బల్బును, దీపము కంటికి కనబడకుండ ముందొక గాజుపలక నుంచి అమర్చినచో, గోడ పగులగొట్టనక్కరలేదు, ఇంటి తీరు చెడదు. నాకు దీనికంటె అందమైన పడకగది దీపము తెలియదు.

బల్బు కొనునపుడు వాట్టులతోపాటు పెట్టెమీద "కె" యను అక్షరమునకు ముందున్న సంఖ్యను చూడుడు. అది వెలుగు రంగును చెప్పును. 2700 అనినచో పాత తీగబల్బు పసుపుచాయ. 6500 అనినచో నీలిచాయగల తెలుపు. 2015లో ఉజాలా పథకము మొదలైన తరువాత ఎల్ఈడీ బల్బు సామాన్యుల యింటికి చౌకగా చేరినది, మంచిదే. కాని మన అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడగునది ఆ నీలితెలుపే. అది వంటయింటికి, దుకాణమునకు తగును. నిద్రకు ముందు అట్టి వెలుగులో గంటలతరబడి యుండుట నిద్రను ఆలస్యము చేయునని వైద్యులు చెప్పుదురు. పడకగదికి 2700కును 3000కును నడుమనున్నది అడిగి తీసికొనుడు. లేదనినచో మరియొక అంగడికి పోవుడు. ఓ మాదిరి గదికి తొమ్మిది వాట్ల బల్బు ఒకటి చాలును, అది సుమారు 900 ల్యూమెనుల వెలుగు నిచ్చును. పరుండి చదువుకొనువారికి తలవైపు గోడకు, వెలుగు పుస్తకముమీదికే దిగునట్లు మూత గల మరియొక చిన్నదీపము కావలెను. అరువదేండ్లు దాటిన కంటికి పడుచువారి కంటె చాల హెచ్చు వెలుగు అవసరము. ఆ హెచ్చును గదినిండ కాక, పుస్తకముమీద చూపుట న్యాయము.

మామ్మగారి రెండవ ప్రశ్నకు సమాధానము టూవే స్విచ్చి. ఒకే దీపమునకు గుమ్మమువద్ద నొకటి, మంచపు తలవైపున నొకటి మీటలుండి, ఏ మీటతోనైనను వెలిగించుటకును ఆర్పుటకును వీలుండు ఏర్పాటది. ధర అత్యల్పము, తీగ కొంచెము హెచ్చు. పెద్దవారున్న యింటిలో పంకాకంటెను ముందుగా దీనికి ఖర్చు చేయుదునని నా నిశ్చితాభిప్రాయము. పాతయిండ్లలో గడపలు ఎత్తు, గదికిని గదికిని నేలమట్టము మారును. రాత్రి లేచినవారు తన్నుకొని పడునది అక్కడనే. కావున రాత్రిదీపమును కప్పునకో గోడపైభాగమునకో కాక, గడప ప్రక్కన, నేలకు జానెడు మూరెడు ఎత్తున నుంచవలెను. జీరో బల్బని మనము పిలుచు రంగుబల్బు పేరునకే జీరో. అది 12 నుండి 15 వాట్లవరకు త్రాగును. అర వాట్టు ఎల్ఈడీ రాత్రిదీపము గడపను చూపుటకు చాలును.

చేయుటలో రెండవదైనను, చెప్పుటలో చివరగా తీగ సంగతి. ఇది వినుటకు రుచింపదు గాని, పంకా కన్నను దీపము కన్నను దీనిమీదనే ప్రాణములు ఆధారపడియున్నవి. కొయ్యబద్దలమీద పిన్నులతో బిగించిన పాత తీగలకు రబ్బరుతొడుగు ఉండెడిది. ఏండ్లు గడచిన ఆ రబ్బరు వ్రేలు తగిలిన పొడియై రాలును. క్రొత్త పంకా తక్కువ విద్యుత్తు త్రాగును గనుక పాత తీగయే చాలునని పనివాడనవచ్చును. తీగ వేడెక్కదు, నిజమే. కాని తొడుగు రాలిన తీగకు వేడి అక్కరలేదు, తగులుట చాలును. అందును ఆనాటి యిండ్లలో కప్పువరకు రెండు తీగలే పోయినవి. ఎర్తు తీగ లేదు. పెంకు జారి కారిన వాననీరు కడ్డీవెంట దిగి మోటారును చేరిన రాత్రి, ఇనుప పంకాకు ఎర్తు లేకపోవుట ఎంత ప్రమాదమో ఊహించుకొనుడు. పంకాకును దీపమునకును 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, దానితోపాటు ఎర్తు తీగ క్రొత్తగా వేయించుడు. పింగాణి ఫ్యూజుల స్థానమున ఎంసీబీలను, ఇంటియంతటికి, విద్యుత్తు దారితప్పి కారినంతనే దానిని ఆపివేయు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీని పెట్టించుడు. సున్నపుగోడలను, మట్టిగోడలను గాడులు తవ్వి తీగను లోపల దాచుటకు నేను అంగీకరింపను. గోడ బలము తగ్గును, తేమ తీగను పట్టును. దూలపు ప్రక్కవెంట, గోడమూలవెంట పైకి కనబడునట్లు కేసింగులో తీగను నడిపించి, దానికి కొయ్యరంగు వేసినచో కంటికి అడ్డురాదు, రేపు చూచుకొనుటకును సులువు.

ఎండలు ముదిరిన పిమ్మట ఈ పని తెలిసిన పనివారు దొరకరు. దొరికినను ఒక్క పూటలో ముగించి పోవుటకు తొందరపడుదురు. మాఘఫాల్గుణములలోనే, వడ్రంగిని విద్యుత్తు పనివానిని వేరువేరు దినములలో కాక ఒక్కనాడే పిలిపించుడు. కొక్కెము ఎక్కడ దిగవలెనో చెప్పువాడు ఒకడు, తీగ అక్కడికి ఎట్లు రావలెనో చెప్పువాడు ఇంకొకడు, వారిద్దరును ఎదురెదురుగా మాటాడుకొననిచో చిక్కు మీకే వచ్చును. గది పొడవును, కప్పు యెత్తును, మంచపు యెత్తును కాగితముమీద వ్రాసికొని, ఆ కాగితము జేబులో లేకుండ పంకా అంగడి గడప తొక్కవలదని వేడుకొనుచున్నాను.